తుంగ

సెమిలిగుడ బస్టాండు వెనక మందుల కొట్టులో
నా పంపు మేకుకి వేలాడుతుంటుంది.
పదహారు లీటర్లు. ఎడమ భుజం బెల్టు తెగితే
మా ఆవిడ పాత చీరంచు కట్టాను, అదే నిలిచింది.
తవిటయ్య అంటే ఇక్కడెవరికీ తెలీదు.
పంపుబాబు అనండి,
దేవమాలి దిగువ దాకా దారి చూపిస్తారు.

ఆషాఢం మూడో వారం. ధనుర్జయ మాలి ఎకరంపావు.
దుంప నాటి మూడో రోజు,
బోదెల మీద ఇంకా వేళ్ల గుర్తులు.
మొలక రాకముందే కొట్టాలి.
నేల తడిగా ఉండాలి, వాన పడకూడదు,
గాలి నా మొహం వైపు తిరక్కూడదు.
ఈ మూడూ ఒక్క పూట కలిసేది ఈ కొండల్లో
ఏడాదికి ఎన్నిసార్లో వేళ్లు మడిచి చెప్పగలను.

సీసా మెడకి చుట్టిన కాగితం మీద
చీమకాళ్లంత అక్షరాలు, పదకొండు భాషల్లో.
నేను చదివేది మూత ఒక్కటే.
ట్యాంకుకి ఒక మూత.
ధనుర్జయ చూడనప్పుడు
ఒకటింబావు.

గట్టు మీద దయిమతి ఖొరా కూర్చుని ఉంది.
పోయినేడు ఇదే చేలో ఆమె వెనక తొమ్మిదిమంది ఆడాళ్లు,
తొమ్మిది బొరిగెలు, ఆరు రోజుల కూలి.
కొట్టిన నేల తొక్కకూడదు గనక
నేను వెనక్కి నడుస్తాను.
ఎంత వెనక్కి నడిచినా
ఆమె నాకు ఎదురుగానే ఉంది.

పన్నెండు రోజులకి చేను అద్దం.
పాయలాకు లేదు, ఎర్ర దుగ్గలి లేదు.
ధనుర్జయ టీ ఇప్పించాడు, రెండు పకోడీలు కూడా.
పదిహేనో రోజు ఫోను:
"పంపుబాబూ, ముథా."

వాళ్లు ముథా అంటారు, మేం తుంగ అంటాం,
అది ఏ పేరుకైనా పలుకుతుంది.
మూడంచుల కాడ, దబ్బనం మొన.
సంత దగ్గర తారురోడ్డు అంచుని
పొడుచుకు రావడం ఈ కళ్లతో చూశాను.

"ఇంకో ట్యాంకు కొట్టేయ్" అన్నాడు.
అప్పటికే దుంపాకు బెత్తెడు లేచింది.
దానికీ దీనికీ తేడా నా కంటికి తెలుసు,
మందుకి తెలీదు.
పొట్టంగి దగ్గర ఓ చేను నా చేతి మీద మాడింది.
ఆ వాసన గుర్తొస్తే ఇప్పటికీ
కంచం ముందు నించి లేచిపోతాను.
"నేను కొట్టను."
"మరి?"
ఇద్దరం గట్టు వైపు చూశాం.

దయిమతి నలుగురితోనే వచ్చింది.
మిగతావాళ్లు సునాబెడ కాలనీలో అంట్లు తోముతున్నారట.
కూలి యాభై పెంచి చెప్పింది, బేరం లేదు.
బొరిగె మొన దించి లాగింది.
ఓ గడ్డ. దాని వెనక వేరు, ఆ వేరుకి ఇంకో గడ్డ,
తాకట్టు రసీదుల్లాగ
ఒకటి లాగితే దాని కిందది.

"నువ్వు ఇంటి కప్పు పీకావు, పంపుబాబూ,
మనుషులు లోపలే ఉన్నారు"
అంది దేశియాలో.
నాకు తెలుగులో తగిలింది.

ఓ గడ్డ గోటితో చిదిమి నా ముక్కు దగ్గర పెట్టింది.
మంచి వాసనట, తలనూనెలో మరిగిస్తుందట.
ఎంత పీల్చినా
నాకు మందే వచ్చింది.

ఆశ్వయుజంలో దుంప తవ్వారు. పంట పరవాలేదు.
కుందిలి సంతలో షావుకారు ఒక దుంపని పక్కకి విసిరాడు:
ఈ చెంప నించి ఆ చెంపకి
తుంగ మొన కుట్టేసి ఉంది.
జేబులో వేసుకున్నాను.
గిరాకీలకి చూపిద్దామని
కొట్టులో పంపు కింద పెట్టాను.

నిన్న చూస్తే దుంప కుళ్లి నీరు కారుతోంది.
అందులోని తుంగ మాత్రం
వేలెడు ఆకు వేసి
కిటికీ ఎటుందో వెతుక్కుంటోంది.

రేపు పొద్దున్నే రెండు ట్యాంకులు, మొక్కజొన్నకి.
చీరంచు ముడి
ఇంకోసారి బిగించుకోవాలి.